థైరాయిడ్ తగ్గిన ఎలుకలో పిట్యూటరీ హార్మోన్లు: ప్రయోగానికి ముందు తేల్చుకోవలసిన సంగతులు

బరంపురం పరిశోధక విద్యార్థిని

పెద్దలందరికీ నమస్కారం. బరంపురంలో జంతుశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టాను. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ప్రయోగశాలలో ఇంగ్లీషు నడిచే మా వంటివాళ్ళకు శాస్త్ర విషయాన్ని సొంత భాషలో నిదానంగా చర్చించుకునే చోటు అరుదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

ఎదిగిన ఎలుకలకు తాగే నీటిలో థైరాయిడ్ పనిని ఆపే మందు ప్రొపైల్‌థయోయురాసిల్ కలిపి ఇచ్చి, థైరాయిడ్ హార్మోన్లు తగ్గాక మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే టి.ఎస్.హెచ్. (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్), ప్రొలాక్టిన్ (పాలు తయారుచేయించే హార్మోన్), పెరుగుదల హార్మోన్ ఎలా మారతాయో కొలవాలని నా ఆలోచన. నేను వేసుకున్న లెక్క ఇది: థైరాయిడ్ హార్మోన్లైన టి4, టి3 తగ్గితే మెదడులో పిట్యూటరీకి పైన ఉండే హైపోథలామస్ నుంచి టి.ఆర్.హెచ్. (టి.ఎస్.హెచ్.ను విడుదల చేయించే హార్మోన్) ఎక్కువగా వస్తుంది, అది పిట్యూటరీ నుంచి టి.ఎస్.హెచ్.నూ, ప్రొలాక్టిన్‌నూ విడుదల చేయిస్తుంది. కాబట్టి రెండూ పెరగాలి. మా సీనియర్ ఒకరు మాత్రం ఎలుకలో ప్రొలాక్టిన్ పెరుగుతుందన్న భరోసా ఏమీ లేదనీ, పెరుగుదల హార్మోన్ తప్పకుండా పడిపోతుందనీ అంటున్నారు. నా లెక్కలో ఏ మెట్టు బలహీనంగా ఉందో చెప్పగలరా? థైరాయిడ్ హార్మోన్లు పిట్యూటరీ మీద నేరుగా పనిచేస్తాయా, హైపోథలామస్ ద్వారానే పనిచేస్తాయా అన్నది కూడా నాకు స్పష్టం కావాలి.

పర్లాకిమిడి విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

పిట్యూటరీకీ థైరాయిడ్‌కూ సంబంధం ఉందని తెలిసింది జంతువుల మీద చేసిన శస్త్రచికిత్సల వల్లనే. 1916లో పి.ఇ. స్మిత్ తోకకప్పల్లో పిట్యూటరీ అంకురాన్ని తీసివేస్తే వాటి థైరాయిడ్ కుంచించుకుపోయింది, అవి కప్పలుగా మారలేదు. ఆ తర్వాత ఆయన ఎలుకల్లోనూ పిట్యూటరీని తీసివేసే పద్ధతిని సాధించి, థైరాయిడ్, అడ్రినల్, బీజగ్రంథులు మూడూ క్షీణిస్తాయని చూపించారు. పిట్యూటరీకి పైనుంచి ఆజ్ఞ నరాల ద్వారా కాక, హైపోథలామస్ నుంచి దిగే సన్నని రక్తనాళాల ద్వారా వస్తుందన్న వాదాన్ని 1940లలో జెఫ్రీ హారిస్ బలంగా ముందుకు తెచ్చారు. ఆ రక్తంలో ఏ పదార్థం దిగుతోందో తెలియడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. గిల్లెమిన్ బృందం గొర్రెల హైపోథలామస్‌ల నుంచి, షాలీ బృందం పందుల హైపోథలామస్‌ల నుంచి, లక్షల సంఖ్యలో సేకరించిన ఆ కణజాలం నుంచి, చివరికి కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని వేరుచేసి, 1969లో దాని నిర్మాణాన్ని తేల్చాయి. అది మూడే అమైనో ఆమ్లాల గొలుసు: పైరోగ్లుటామిక్ ఆమ్లం, హిస్టిడిన్, ప్రోలిన్ అమైడ్. ఆ ఇద్దరికీ 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు అదే బహుమతిలో సగభాగం రేడియో ఇమ్యునోఅస్సే పద్ధతిని రూపొందించిన రోజలిన్ యాలోకు దక్కింది. ఇంత తక్కువ మోతాదులో ఉండే హార్మోన్లను కొలిచే ఆ సాధనమే లేకపోతే మీరు అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పగలిగేవారు కాదు.

ఇక అసలు సంగతి. థైరాయిడ్ హార్మోన్ హైపోథలామస్‌లోని పారావెంట్రిక్యులర్ కేంద్రకం అనే నరకణాల గుంపులో టి.ఆర్.హెచ్. జన్యువును అణచుతుంది, అదే సమయంలో పిట్యూటరీలో టి.ఎస్.హెచ్. చేసే థైరోట్రోఫ్ కణాల్లో టి.ఎస్.హెచ్. జన్యువులను కూడా నేరుగా అణచుతుంది. రెండుచోట్లా ప్రధానంగా పనిచేసేది టి.ఆర్. బీటా అనే థైరాయిడ్ హార్మోన్ గ్రాహకం, అందులోనూ బీటా2 రూపం. ఈ బీటా జన్యువును తొలగించిన చిట్టెలుకల్లో టి4 ఎక్కువగా ఉన్నా టి.ఎస్.హెచ్. తగ్గదని, అంటే కళ్ళెదుట ఉన్న హార్మోన్‌ను పిట్యూటరీ గుర్తించలేకపోతోందని, 1996లో తెలిసింది.

పిట్యూటరీ రక్తంలోని టి3ని మాత్రమే చూడదన్నది చాలామంది గమనించని విషయం. అందులో రెండో రకం డీఅయోడినేజ్ ఎంజైమ్ ఉంది; అది టి4ను అక్కడికక్కడే టి3గా మార్చుకుంటుంది. ఎలుక పిట్యూటరీ కణాల కేంద్రకాల్లో ఉండే టి3లో దాదాపు సగం ఇలా స్థానికంగా తయారైనదే. 1979లో లార్సెన్ బృందం థైరాయిడ్ తగ్గిన ఎలుకలకు ఈ ఎంజైమ్‌ను ఆపే అయోపనోయిక్ ఆమ్లం ఇచ్చి, ఆ తర్వాత టి4 ఇస్తే, టి.ఎస్.హెచ్.ను వెంటనే తగ్గించే టి4 శక్తి కనబడకుండా పోయింది. 2001లో ఈ రెండో రకం ఎంజైమ్ జన్యువును తొలగించిన చిట్టెలుకల్లో రక్తంలో టి3 మామూలుగానే ఉన్నా టి4, టి.ఎస్.హెచ్. రెండూ పెరిగాయి. కాబట్టి మీ లెక్కలో "టి4, టి3 తగ్గితే" అని కలిపి రాసిన మొదటి మెట్టునే విడగొట్టి చూడాలి. పిట్యూటరీ దృష్టిలో ఆ రెండూ ఒకటి కావు.

జయపురం వైద్యుడు

మాస్టారు చెప్పినదంతా చదివాను. అయితే ప్రొలాక్టిన్ విషయంలో నాకు ఒక అభ్యంతరం ఉంది. థైరాయిడ్ బాగా తగ్గిన ఆడవాళ్ళలో ప్రొలాక్టిన్ పెరగడం, కొందరిలో పాలు రావడం, నెలసరి తప్పడం మేము క్లినిక్‌లో చూస్తూనే ఉంటాం. థైరాక్సిన్ (టి4) మాత్రలు మొదలుపెట్టిన కొన్నాళ్ళకు అది సర్దుకుంటుంది. టి.ఆర్.హెచ్. పెరగడం వల్లనే అలా జరుగుతుందని మాకు నేర్పారు. మనిషిలో ఇంత స్పష్టంగా కనిపించేది ఎలుకలో ఎందుకు కనిపించకూడదు? ఎలుకలో కనిపించనప్పుడు మనిషిలో మేము చెప్పుకునే కారణం సరైనదేనా అన్న సందేహం కూడా వస్తుంది.

గుణుపురం ఫార్మకాలజీ అధ్యాపకురాలు

డాక్టరు గారూ, మీరు నేర్చుకున్న కారణం తప్పు కాదు, కానీ దానిలో ఒక భాగమే.

టి.ఆర్.హెచ్. ప్రొలాక్టిన్‌ను విడుదల చేయిస్తుందన్నది 1971లో జి.హెచ్.3 కణాల మీద మొదట తేలింది. ఇవి ఎలుక పిట్యూటరీ కణితి నుంచి తీసి పెంచిన కణాలు. ప్రొలాక్టిన్‌నూ, పెరుగుదల హార్మోన్‌నూ రెంటినీ తయారుచేస్తాయి. టి.ఆర్.హెచ్. గ్రాహకానికి అంటుకోగానే సంకేతాన్ని అందించే జి.క్యూ. ప్రొటీన్ ద్వారా ఫాస్ఫోలైపేజ్ సి ఎంజైమ్ చురుకవుతుంది, అది పుట్టించే ఐ.పి.3 అనే చిన్న అణువు వల్ల కణంలోపలి కాల్షియం నిల్వలు విడుదలవుతాయి, సెకన్లలోనే ప్రొలాక్టిన్ బయటికి రావడం మొదలవుతుంది. థైరోట్రోఫ్‌లో టి.ఎస్.హెచ్. విడుదలయ్యే దారీ ఇదే.

అయితే బతికున్న జంతువులో ప్రొలాక్టిన్ చేసే లాక్టోట్రోఫ్ కణం మీద ఎల్లప్పుడూ ఉండేది డోపమిన్ పట్టు. హైపోథలామస్ నుంచి దిగే డోపమిన్ ప్రొలాక్టిన్‌ను నిరంతరం అణచిపెట్టి ఉంచుతుంది. పాలిచ్చే ఎలుకలో పిల్లలు చనుమొనలు పట్టినప్పుడు డోపమిన్ కొద్దిసేపు తగ్గుతుంది. ఆ తగ్గుదల జరిగిన తర్వాత టి.ఆర్.హెచ్. ఇస్తే వచ్చే ప్రొలాక్టిన్, అది జరగకుండా ఇచ్చినప్పటి కంటే చాలా ఎక్కువ. అంటే టి.ఆర్.హెచ్. ఎంత ఉందన్నదొక్కటే లెక్క కాదు; ఆ సమయంలో డోపమిన్ ఎంత ఉందన్నది కూడా లెక్కే.

మూడో అంశం గ్రాహకాల సంఖ్య. థైరాయిడ్ తీసివేసిన ఎలుక పిట్యూటరీలో టి.ఆర్.హెచ్. గ్రాహకాలు పెరుగుతాయి, టి3 ఇస్తే తగ్గుతాయి. ఈస్ట్రోజెన్ ఇస్తే పెరుగుతాయి. అందువల్ల థైరాయిడ్ తగ్గిన జంతువు టి.ఆర్.హెచ్. ఇంజక్షన్‌కు బలంగా స్పందిస్తుంది. కానీ ఇంజక్షన్ లేనప్పటి ప్రొలాక్టిన్ మట్టం వేరు సంగతి. ఎలుకలో థైరాయిడ్ తగ్గితే ప్రొలాక్టిన్ జన్యువు పని, పిట్యూటరీలో నిల్వ ఉండే ప్రొలాక్టిన్ కూడా తగ్గే అవకాశం ఉంది. దానికి తోడు ఎద చక్రం దెబ్బతిని ఈస్ట్రోజెన్ మారిపోతుంది. పెంచే కారణాలు, తగ్గించే కారణాలు ఒకే జంతువులో ఒకేసారి పనిచేయడం వల్లనే ఎలుకల్లో నమోదైన ఫలితాలు ఒక్క తీరుగా లేవు. మగ ఎలుకనా, ఆడ ఎలుకనా, బీజకోశాలు ఉన్నాయా తీసేశారా అన్నదాన్ని బట్టి అవి మారాయి. మీ సీనియర్ గారు "భరోసా లేదు" అన్నది సరైన మాటే.

పెరుగుదల హార్మోన్ విషయంలో మాత్రం సందిగ్ధం లేదు. ఎలుక పెరుగుదల హార్మోన్ జన్యువు ముందుభాగంలో థైరాయిడ్ హార్మోన్ గ్రాహకం కూర్చునే చోటు ఉంది. టి3 అక్కడ జన్యువును నేరుగా నడిపిస్తుంది. టి3 లేకపోతే పిట్యూటరీలో పెరుగుదల హార్మోన్ ఎం.ఆర్.ఎన్.ఏ. (జన్యువు నుంచి వచ్చే నకలు), నిల్వ రెండూ బాగా పడిపోతాయి, పిల్ల ఎలుకలు ఎదగవు. మనిషి జన్యువులో టి3కి ఈ స్పందన ఎలుకలో ఉన్నంత బలంగా లేదు. ప్రొలాక్టిన్‌లో మనిషి ఒక వైపు, పెరుగుదల హార్మోన్‌లో ఎలుక ఒక వైపు స్పష్టంగా కనిపించడం వల్ల, ఒక జంతువులో తేలినదాన్ని మరో జంతువుకు యథాతథంగా అన్వయించడంలో మనం జాగ్రత్తగా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

పర్లాకిమిడి విశ్రాంత అధ్యాపకుడు

అధ్యాపకురాలు గారు చెప్పినదానికి కణజాల శాస్త్రం వైపు నుంచి ఒకటి జోడిస్తాను. థైరాయిడ్ తీసివేసిన ఎలుక పిట్యూటరీని కోసి రంగు వేసి చూస్తే ఉబ్బిపోయి, రేణువులు తగ్గి, నురగలాంటి కణద్రవ్యంతో నిండిన పెద్ద కణాలు కనిపిస్తాయి. వాటిని థైరాయిడెక్టమీ కణాలని చాలాకాలంగా వర్ణిస్తూ వచ్చారు. మామూలు ఎలుకలో థైరోట్రోఫ్‌లు పిట్యూటరీ ముందు భాగంలోని కణాల్లో సుమారు 5 శాతమే. అవి ఇంతగా ఎక్కడి నుంచి పెరిగాయి? కొన్ని విభజన వల్ల రావచ్చు. అయితే పెరుగుదల హార్మోన్, టి.ఎస్.హెచ్. రెండూ ఒకే కణంలో ఉన్న మధ్యంతర రూపాలను 1990లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వర్ణించారు. పెరుగుదల హార్మోన్ చేసే సోమాటోట్రోఫ్‌లలో కొన్ని థైరోట్రోఫ్‌లుగా మారుతున్నాయని, టి4 ఇస్తే తిరిగి వెనక్కు వస్తాయని ఆ పరిశీలకులు భావించారు. ఈ బంధుత్వం ఆశ్చర్యం కలిగించకూడదు. అదే 1990లో, పిట్1 అనే ఒకే ప్రొటీన్ జన్యువులో లోపం ఉన్న స్నెల్ మరుగుజ్జు చిట్టెలుకల్లో పెరుగుదల హార్మోన్, ప్రొలాక్టిన్, టి.ఎస్.హెచ్. చేసే మూడు రకాల కణాలూ లోపించాయని తెలిసింది. మూడూ ఒకే వంశం నుంచి వచ్చినవి కాబట్టే థైరాయిడ్ మార్పు ఒకదానితో ఆగదు.

అందుకని రక్తం మాత్రమే తీసి ఊరుకోకండి. పిట్యూటరీని కూడా భద్రపరచండి. విడుదల ఎంత, నిల్వ ఎంత అన్న రెండు సంఖ్యలూ పక్కపక్కన లేకపోతే ఫలితానికి అర్థం చెప్పడం కష్టం.

ఛత్రపురం ఉపాధ్యాయుడు

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి; ఈ స్థాయి చర్చలో నాకు ఒక సందేహమే ఉంది. టి.ఆర్.హెచ్. అసలు లేకుండా చేసిన చిట్టెలుకలు ఉన్నాయని విన్నాను. థైరాయిడ్ హార్మోన్ పిట్యూటరీ మీద నేరుగా పనిచేస్తున్నప్పుడు, టి.ఆర్.హెచ్. లేకపోయినా టి.ఎస్.హెచ్. తనంతట తాను సరిపడా ఉండాలి కదా? ఉంటుందా?

గుణుపురం ఫార్మకాలజీ అధ్యాపకురాలు

మాస్టారూ, మీ ప్రశ్న ఈ విషయం మొత్తానికీ కీలకమైనది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు టి.ఆర్.హెచ్. జన్యువును తొలగించిన చిట్టెలుకల గురించి ప్రచురించారు. అవి బతికాయి, పిల్లల్ని కన్నాయి, కానీ వాటికి థైరాయిడ్ హార్మోన్లు తక్కువగా ఉన్నాయి. టి.ఎస్.హెచ్. కొలిస్తే తగ్గలేదు సరికదా, మామూలు కంటే కొద్దిగా ఎక్కువే ఉంది! అయితే ఆ టి.ఎస్.హెచ్.కు థైరాయిడ్‌ను ప్రేరేపించే శక్తి తక్కువగా ఉంది. టి.ఎస్.హెచ్. అణువు మీద చక్కెర గొలుసులు సరిగ్గా అమరాలంటే టి.ఆర్.హెచ్. అవసరం, ఆ అమరిక దెబ్బతింటే యాంటీబాడీ పరీక్షలో హార్మోన్ కనిపిస్తుంది, థైరాయిడ్ మాత్రం దాన్ని పూర్తిగా అందుకోదు. తర్వాత జరిగిన పరిశోధనల్లో, టి.ఆర్.హెచ్. లేని చిట్టెలుకల్లో థైరాయిడ్ హార్మోన్లను మందుతో ఇంకా తగ్గించినా, మామూలు చిట్టెలుకల్లో వచ్చినంత టి.ఎస్.హెచ్. పెరుగుదల రాలేదు.

కాబట్టి నేను చూసే చిత్రం ఇది: ఎంత టి.ఎస్.హెచ్. కావాలో నిర్ణయించడంలో పిట్యూటరీలోని టి3కి ప్రత్యక్షమైన పాత్ర ఉంది. ఆ అణచివేత తొలగినప్పుడు ఎంత ఎత్తుకు ఎగరగలదు, ఎగిరిన హార్మోన్ ఎంత నాణ్యమైనది అన్నది టి.ఆర్.హెచ్. చేతిలో ఉంది. విద్యార్థిని గారు యాంటీబాడీతో కొలిచే ఎలిసా కిట్‌తో టి.ఎస్.హెచ్. కొలిచి, పక్కనే టి4, టి3 కొలవకపోతే ఈ తేడా కంటికి కనబడదు.

రాయగడ పశువైద్యుడు

మీరంతా ఎలుక, చిట్టెలుక దగ్గరే ఉన్నారు. కొంచెం బయటికి వస్తే విషయం మరింత విశాలంగా కనిపిస్తుంది.

ఆవులకు టి.ఆర్.హెచ్. ఇంజక్షన్ ఇస్తే టి.ఎస్.హెచ్.తో పాటు ప్రొలాక్టిన్, పెరుగుదల హార్మోన్ కూడా రక్తంలో పెరుగుతాయి. కోడిపిల్లల్లోనూ టి.ఆర్.హెచ్. పెరుగుదల హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. తోకకప్పల్లో పూర్తిగా వేరు. అక్కడ టి.ఎస్.హెచ్.ను విడుదల చేయించే పని కార్టికోట్రోపిన్ విడుదల హార్మోన్ చేస్తుంది, టి.ఆర్.హెచ్. ఇస్తే రూపవిక్రియ (కప్పగా మారడం) వేగవంతం కాదు. అందుకే నీటి గుంట ఎండుతున్నప్పుడు ఒత్తిడికి గురైన తోకకప్ప తొందరగా కప్పగా మారగలుగుతుంది. ఒత్తిడి హార్మోన్, థైరాయిడ్ హార్మోన్ అక్కడ ఒకే తాడు మీద ఉన్నాయి. 1912లో గుడెర్నాచ్ గుర్రపు థైరాయిడ్ ముక్కలు తినిపించి తోకకప్పలను అకాలంలో కప్పలుగా మార్చినప్పటి నుంచి ఈ జీవి మనకు పాఠాలు చెబుతూనే ఉంది.

నా వృత్తికి దగ్గరైనది గొర్రె. మన గంజాం గొర్రెల్లో రుతుప్రభావం చల్లని దేశాల గొర్రెల్లో ఉన్నంతగా కనిపించదు, కానీ ఆ చల్లని దేశాల ఆడ గొర్రెలు ఏడాదిలో కొన్ని నెలలే ఎదకు వస్తాయి. వాటి థైరాయిడ్ తీసివేస్తే ఎదకాలం ముగియవలసిన సమయంలో ముగియదు, బీజగ్రంథులను నడిపే పిట్యూటరీ హార్మోన్ ఎల్.హెచ్. స్రావం తగ్గకుండా కొనసాగుతుంది. తిరిగి థైరాక్సిన్ ఇస్తే కాలం మామూలుగా ముగుస్తుంది. థైరాయిడ్ హార్మోన్ ఇక్కడ టి.ఎస్.హెచ్.ను అణచడమే కాక, బీజగ్రంథులను నడిపే పిట్యూటరీ హార్మోన్లకు రుతువును కూడా చెబుతోంది.

కౌజు పిట్టల్లో ఈ దారిని జపాన్‌లో మెట్టు మెట్టుగా తెలుసుకున్నారు. పగటి కాలం పొడుగైన మొదటి రోజునే, పిట్యూటరీలోని పార్స్ ట్యూబరాలిస్ అనే భాగం టి.ఎస్.హెచ్. తయారుచేస్తుంది. ఆ టి.ఎస్.హెచ్. కిందికి థైరాయిడ్‌కు పోకుండా పైకి హైపోథలామస్‌కు చేరి, అక్కడి టానీసైట్ కణాల్లో రెండో రకం డీఅయోడినేజ్‌ను పెంచుతుంది, అక్కడికక్కడ టి3 పెరుగుతుంది, దాంతో హైపోథలామస్ నుంచి జి.ఎన్.ఆర్.హెచ్., దాని వల్ల పిట్యూటరీ నుంచి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. పెరిగి వృషణాలు ఎదుగుతాయి. పిట్యూటరీ ఆజ్ఞ పుచ్చుకోవడమే కాక పైకి ఆజ్ఞ పంపుతుందన్నది నాకు ఈ మొత్తం శాస్త్రంలో అన్నిటికంటే నచ్చిన సంగతి.

బరంపురం పరిశోధక విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. ప్రొలాక్టిన్ పెరుగుతుందని ముందే రాసుకున్న పరికల్పనను తీసివేసి, మగ, ఆడ ఎలుకలను విడివిడి గుంపులుగా పెట్టి, పిట్యూటరీలను భద్రపరిచే ఏర్పాటు చేస్తున్నాను. ఇప్పుడు నిర్వహణ గురించి అడగాలి. మా జంతుశాల గది వేసవిలో బాగా వేడెక్కుతుంది, కరెంటు పోవడం మామూలే. తుఫాను వచ్చిందంటే రోజుల తరబడి ఉండదు. 2013లో గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తర్వాత ఈ జిల్లా ఎలా చీకట్లో ఉందో అందరికీ తెలుసు. ఇవి ఫలితాలను ఎంతవరకు మార్చగలవు? రక్తం తీసేముందు రాత్రి ఎలుకలకు తిండి ఆపాలా?

గుణుపురం ఫార్మకాలజీ అధ్యాపకురాలు

తిండి ఆపవద్దు. ఎలుకను రెండు రోజులు పస్తు ఉంచితే పారావెంట్రిక్యులర్ కేంద్రకంలో టి.ఆర్.హెచ్. ఎం.ఆర్.ఎన్.ఏ. తగ్గిపోతుంది, టి4 తగ్గుతుంది, అయినా టి.ఎస్.హెచ్. పెరగదు. కొవ్వు కణజాలం నుంచి వచ్చే లెప్టిన్ పడిపోవడం దీనికి ముఖ్య కారణం; లెప్టిన్ ఇస్తే ఈ మార్పు చాలావరకు ఆగుతుంది. ఎలుక చిన్న జీవి, ఒక్క రాత్రి పస్తు కూడా దానికి మనకంటే బరువైనది. ఇంకో చిక్కు ఉంది: ప్రొపైల్‌థయోయురాసిల్ చేదు. మందు కలిపిన నీళ్ళు ఎలుకలు తక్కువ తాగుతాయి, దాంతో తక్కువ తింటాయి. నీరు, తిండి, శరీర బరువు రోజూ రాసుకోండి. వీలైతే మందు గుంపు తిన్నంతే తిండి ఇచ్చే మరో గుంపును పెట్టండి. లేకపోతే థైరాయిడ్ తగ్గడం వల్ల వచ్చిన మార్పేదో, ఆకలి వల్ల వచ్చిన మార్పేదో చెప్పలేరు.

చలిలో పెడితే ఎలుకలో టి.ఎస్.హెచ్. నిమిషాల్లో పెరుగుతుంది, టి.ఆర్.హెచ్.కు వ్యతిరేకమైన యాంటీబాడీ ఇస్తే ఈ పెరుగుదల అణగిపోతుంది. అంటే ఏసీ గదిలోంచి వేడి గదిలోకి, వేడి గదిలోంచి ఏసీ గదిలోకి బోనులు మార్చిన రోజు రక్తం తీయకూడదు. ఎలుక శరీరానికి చలీ వేడీ అనిపించని ఉష్ణోగ్రత సుమారు 28 నుంచి 30 డిగ్రీలు. మామూలుగా జంతుశాలల్లో ఉంచే 22 డిగ్రీలు దానికి కొంత చలే. మీ గది మేలో 35 దాటితే థైరాయిడ్ పని మందగిస్తుంది. అన్ని గుంపులూ ఒకే కాలంలో, ఒకే గదిలో సాగాలి. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు కనుక వాటిని తప్పించి, చలికాలంలో పెట్టుకోవడం మంచిదని నా సలహా.

చేతితో పట్టుకోవడం, ఈథర్ వాసన చూపించడం వంటి ఒత్తిడితో ఎలుకలో ప్రొలాక్టిన్ నిమిషాల్లో ఎగురుతుంది, టి.ఎస్.హెచ్. తగ్గుతుంది. రక్తం తీసేవారికి ఎలుకలను కొన్ని వారాల ముందునుంచే అలవాటు చేయండి. ఎలుకలో టి.ఎస్.హెచ్. పగటి వెలుతురు వేళ ఎక్కువగా ఉంటుంది, మనిషిలో రాత్రి. కాబట్టి రక్తం తీసే గంటను గుంపు గుంపుకూ మార్చకండి. వెలుతురు పన్నెండు గంటలు, చీకటి పన్నెండు గంటలు తప్పకుండా ఉండేలా ఇన్వర్టర్ పెట్టించండి.

మందు మోతాదుగా నీటిలో 0.05 శాతం ప్రొపైల్‌థయోయురాసిల్ చాలామంది వాడినదే. అయితే ఈ మందు థైరాయిడ్‌ను ఆపడంతో పాటు కాలేయంలోని మొదటి రకం డీఅయోడినేజ్‌ను కూడా ఆపుతుంది. పిట్యూటరీలోని రెండో రకాన్ని ఆపదు. థైరాయిడ్‌ను ఆపే మరో మందైన మెథిమజోల్‌కు కాలేయం మీద ఈ పని లేదు. రెండు మందులతో రెండు గుంపులు పెడితే, ఫలితం థైరాయిడ్ తగ్గడం వల్ల వచ్చిందా, మందు సొంత గుణం వల్ల వచ్చిందా అన్నది తేలిపోతుంది.

జయపురం వైద్యుడు

మందు లేకుండానే ఈ ప్రయోగం చేసే దారి ఒకటి ఉంది: అయోడిన్ తక్కువైన ఆహారం. అయోడిన్ లోపించిన ఎలుకలో టి4 బాగా పడిపోతుంది, టి3 దాదాపు మామూలుగా ఉంటుంది, అయినా టి.ఎస్.హెచ్. పెరిగి థైరాయిడ్ ఉబ్బుతుంది. పర్లాకిమిడి మాస్టారు చెప్పిన స్థానిక మార్పిడికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. రక్తంలో టి3 ఉన్నా, తన దగ్గర మార్చుకోవడానికి టి4 లేని పిట్యూటరీ దాన్ని కొరతగానే లెక్కిస్తోంది.

ఈ విషయం మా కొండ ప్రాంతాల వైద్యుడికి పుస్తకంలో మాత్రమే ఉండేది కాదు. పర్లాకిమిడికి పక్కనే ఉన్న శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వి. రామలింగస్వామి గారు 1956లో కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అయోడిన్ ఉప్పు అధ్యయనం వల్ల గాయిటర్ తగ్గించవచ్చని నిరూపణ అయింది. 1962లో దేశవ్యాప్త కార్యక్రమం దాని మీదే నిలబడింది. గొంతు మీద కనిపించే ఆ వాపు వెనుక పనిచేసిన హార్మోన్ టి.ఎస్.హెచ్.

ఛత్రపురం ఉపాధ్యాయుడు

ఇన్ని గుంపులంటే ఎన్నో జీవులు. ఈ ప్రశ్నల్లో కొన్నిటికైనా ప్రాణం తీయకుండా జవాబు దొరకదా? ఇది ఆక్షేపణగా అడగడం లేదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

పర్లాకిమిడి విశ్రాంత అధ్యాపకుడు

అడగవలసిన ప్రశ్నే అడిగారు. జన్యువు మీద టి3 నేరుగా పనిచేస్తుందా అన్నది జి.హెచ్.3 వంటి కణాల్లోనే చూడవచ్చు, చూశారు కూడా. కానీ డోపమిన్ పట్టు, ఆకలి, రుతువు, పిల్లలకు పాలివ్వడం, ఇవన్నీ కలిసి పనిచేసేది పూర్తి శరీరంలోనే. కాబట్టి ప్రశ్నను విభజించుకోవాలి: కణాల్లో తేలేదాన్ని కణాల్లో తేల్చి, మిగిలిన ప్రశ్నకే జంతువును ఉపయోగించాలి. విద్యార్థిని గారు మెథిమజోల్ గుంపును పెట్టాలా, తిండి కుదించే గుంపును పెట్టాలా అని తర్జనభర్జన పడితే నేను తిండి కుదించే గుంపునే ఎంచుకుంటాను. అది లేకపోతే మిగతా గుంపుల్లోని జంతువులు కూడా వృథా అవుతాయి. సంస్థ జంతు నైతిక సంఘానికి పంపే పత్రంలో ఎన్ని జంతువులో, ఎందుకు అన్ని అన్నదానికి గణాంక లెక్క చూపించండి. ఒక్కో ఎలుక నుంచి రక్తం, పిట్యూటరీ, థైరాయిడ్, హైపోథలామస్, వృషణాలు లేదా అండాశయాలు అన్నీ తీసి భద్రపరచండి.

వృషణాలను ఊరికే చెప్పలేదు. పుట్టిన నాటి నుంచి పాలు మానే వరకు ప్రొపైల్‌థయోయురాసిల్ ఇచ్చి ఆపేసిన మగ ఎలుకల్లో, పెద్దయ్యాక వృషణాల బరువు దాదాపు 80 శాతం పెరిగిందని 1991లో ప్రచురించారు. వృషణాలను ప్రేరేపించే పిట్యూటరీ హార్మోన్ ఎఫ్.ఎస్.హెచ్. మాత్రం వాటిలో తక్కువగానే ఉంది. థైరాయిడ్ హార్మోన్ లేకపోవడం వల్ల వృషణాల్లో శుక్రకణాలను పోషించే సెర్టోలి కణాల విభజన ఆలస్యంగా ఆగి, వాటి సంఖ్య పెరిగింది. పిట్యూటరీ హార్మోన్ తగ్గితే కింది గ్రంథి కూడా తగ్గాలన్న మన అలవాటు ఊహకు ఇది ఎదురు నిలిచే ఫలితం.

బరంపురం పరిశోధక విద్యార్థిని

తిండి కుదించే గుంపును చేరుస్తున్నాను, మెథిమజోల్‌ను తర్వాతి దశకు వాయిదా వేస్తున్నాను. ఒక్కటే మిగిలింది. మందు ఇవ్వడం మొదలుపెట్టిన ఎన్ని రోజులకు మొదటి రక్తం తీయాలి? మనుషుల మీద రాసిన పుస్తకాల్లో ఆరు వారాలు ఆగమంటారు.

గుణుపురం ఫార్మకాలజీ అధ్యాపకురాలు

అంతకాలం అక్కర్లేదు. మనిషి రక్తంలో టి4 సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. ఎలుకలో ఒక రోజు కూడా పట్టదు, ఎందుకంటే మనిషిలో టి4ను గట్టిగా పట్టి ఉంచే గ్లోబ్యులిన్ ఎదిగిన ఎలుకలో నామమాత్రంగానే ఉంటుంది. థైరాయిడ్‌లో ముందే నిల్వ ఉన్న హార్మోన్ ఖర్చు కావాలి కనుక రెండు, మూడు వారాలు ఇవ్వండి. మొదటి వారం చివర తోక నుంచి కొద్దిగా రక్తం తీసి టి4 మాత్రం చూసుకోండి, మూడో వారం చివర అన్నీ కొలవండి. టి.ఎస్.హెచ్. కిట్ ఎలుక కోసం తయారైనదేనని కొనేముందు నిర్ధారించుకోండి. మనుషుల కిట్‌తో ఎలుక టి.ఎస్.హెచ్.ను నమ్మకంగా కొలవలేము.